పన్నెండు ఉన్నాడులెండి

రాజమండ్రిలో ఆదివారం తెల్లారిందంటే ప్రిస్కిల్లా సైకిల్ గుంపు రోడ్డెక్కాల్సిందే. వారానికో ముచ్చట. ఒక వారం పంచెకట్టు రైడ్, ఇంకో వారం పాత పాటల రైడ్. ఇవాళ కడియం పూల రైడ్. తలా ఒక పువ్వు పెట్టుకుని పదకొండు మంది బయల్దేరారు.

పోయిన చలికాలం దాకా పన్నెండు మంది.

పన్నెండోవాడు శాంతికుమార్. అందరికంటే వెనక తొక్కుతూ, పంక్చరైనవాళ్ళ కోసం ఆగే పని అతనిది. ఆ పని ప్రిస్కిల్లాయే అంటగట్టింది. ఆరాధనగా చూసే అతని కళ్ళు తనకి దూరంగా ఉంటే చాలనుకుంది. గుంపు ముందు గణేష్‌బాబు పక్కన తొక్కుతుంటే ఆమె మనసు గాలిలో తేలిపోయేది మరి.

ఆవేళ ఆత్రేయపురం పూతరేకుల రైడ్. ఒకటే మంచు. ఆగిన చోటల్లా నంబర్లు చెప్పుకోవడం వాళ్ళ అలవాటు. పదకొండు దాకా వచ్చింది. పన్నెండు పలకలేదు. వెనక్కెళ్ళి వెతికితే గణేష్‌బాబు పక్కనున్న ఆ తీపి ఘడియ కాస్తా చెదిరిపోతుంది. ప్రిస్కిల్లా మొహం తిప్పుకుని, గొంతు మార్చి, "పన్నెండు ఉన్నాడులెండి" అనేసింది. అందరూ కదిలారు.

లారీ కొట్టేసిన శాంతికుమార్ కాలవ గట్టున ముప్పావుగంట ప్రాణంతోనే ఉన్నాడట.

ఆ మాట అన్నదెవరో ఈనాటికీ తేలలేదు. ఒకరినొకరు అనుమానించుకుంటూనే తొక్కుతున్నారు. గణేష్‌బాబు ఇప్పుడు దుర్గాశ్రీ పక్కన తొక్కుతున్నాడు.

కడియం నర్సరీల దగ్గరికొచ్చేసరికి మంచు చిక్కబడింది. తడిమట్టి వాసన. కుళ్ళిన బంతిపూల వాసన. ముందు చక్రం తప్ప ఇంకేం కనబడట్లేదు. ఆగారు.

"ఒకటి" అంది ప్రిస్కిల్లా.

"రెండు" అంది పక్కనున్న లావణ్య.

అలా పదకొండు దాకా వచ్చింది. కాలవలో నీళ్ళు గుడగుడమన్నాయి.

"పన్నెండు ఉన్నాడులెండి."

ఆ రోజు తను మార్చిన గొంతే.

"చచ్చిపోయిన మనిషితో వెటకారాలేంటండీ" అంది లావణ్య, చీకాగ్గా.

ప్రిస్కిల్లా వెనక్కి తిరిగి మంచులోకి చూసింది. ఎవరికో తెలుసు. ఆ నోరు మూయించకపోతే ఈ ఊళ్ళో ఇక తలెత్తుకు తిరగలేదు. "చూసొస్తానుండండి" అంటూ సైకిల్ స్టాండేసి వెనక్కి నడిచింది. పది అడుగులు... ఇరవై...

"ఎవరండీ?" గుసగుసగా అడిగింది. "ఎవరికీ చెప్పకండి... మీకు దణ్ణం పెడతాను."

"చెప్పనండి."

చెవి పక్కనే. ఎంతో మర్యాదగా.

"మీరిక్కడే ఉండండి. మీ నంబరు కూడా నేనే చెప్పేస్తాను."

రబ్బరు కాలిన వాసన గుప్పుమంది. ముందు నుంచి ఎవరో "ఒకటి" అన్నారు.

ఆమె గొంతే.

రెండు... మూడు... పదకొండు. బెల్లులు మోగాయి. చక్రాలు కదిలాయి.

అరిచింది. ఆ అరుపు బెల్లుల మోతలో కలిసిపోయింది. పడుతూ లేస్తూ పరిగెత్తింది. స్టాండేసిన చోట సైకిల్ లేదు. చలికి కొంకర్లు పోయిన వేళ్ళతో లావణ్యకి ఫోన్ చేసింది.

"లావణ్యా... నేను వెనకుండిపోయానే. ఆగండే..."

లావణ్య నవ్వింది. "ఏంటక్కా నీ వేళాకోళం. పక్కనే తొక్కుతూ ఫోనేంటి?"

అంతలో నవ్వు ఆగింది. టైర్ల చప్పుడు. లావణ్య ఊపిరి.

"అక్కా..." అంది, వినబడీ వినబడనట్టు. "నీ పెడల్స్ వెనక్కి తిరుగుతున్నాయేంటి?"