దించని ఇత్తడి బిళ్ళ

సతీష్‌కుమార్ తడిసిన చొక్కాతో హోటల్‌లోకి వచ్చి క్రెడిట్ కార్డు కౌంటరు మీద విసిరినట్టే పెట్టాడు.

"నా ఎనిమిది వేలు రిఫండ్ ఇచ్చీండి."

కౌంటర్లో భాగ్యరేఖ రిజిస్టరు తిప్పింది. "మీ డబ్బు మేం తీసుకోలేదండి. ఏటి తిరిగివ్వమంటారు?"

"తీసుకోకపోతే కార్డెందుకు చెల్లదు?"

జరిగిందంతా కోపంగానే చెప్పాడు. కిందటి వారం మిషను కంపెనీ ఇంజనీర్ల కోసం ఇక్కడ రెండు గదులు తీసుకున్నాడు. బిల్లు నగదుగా కట్టేశాడు. ఇవాళ పొద్దున తండ్రి సింహాద్రితో రాయ్‌పూర్ వెళ్ళి, లేతు మిషనుకు అడ్వాన్సు కట్టబోతే కార్డు చెల్లలేదు. సింహాద్రి తన కార్డు తీశాడు. అదీ చెల్లలేదు. కొడుకు కార్డు తండ్రి ఖాతాకి జోడించిందే, ఇద్దరికీ కలిపి ఒకటే పరిమితి. డీలరు బ్యాంకుకి ఫోను చేస్తే, ఈ హోటల్ పేర ఎనిమిది వేలు పోయాయన్నారు.

సింహాద్రి క్షమించడం తెలియని మనిషి. దారిలో ఒక్క మాటే అన్నాడు: రేపట్నించి మన సిమెంటు కొట్లో కూర్చో.

సంతకం చేసిన కార్డు స్లిప్పు డీలరు దగ్గరే ఉంది. ఐదింటిలోగా బ్యాంకు సరేనంటే మిషను సతీష్‌ది. లేకపోతే సొంత వర్క్‌షాపు మాట ఇక ఎత్తనక్కర్లేదు. అప్పటికి మూడు దాటింది.

భాగ్యరేఖ నెమ్మదిగా చెప్పింది. "మా నాన్న స్టీలు ప్లాంటు టూల్ రూమ్‌లో చేసీవారు. స్పానరు కావాలంటే ఇత్తడి బిళ్ళ ఇవ్వాలి. బిళ్ళ మేకుకి తగిలిస్తారు. స్పానరు తిరిగిచ్చీస్తే బిళ్ళ దించి ఇచ్చీస్తారు. గది ఇచ్చినపుడు మీ ఎనిమిది వేలూ అలాగే తగిలించాం. దాన్ని హోల్డు అంటారు. డబ్బు బ్యాంకులోనే ఉంది. మీరు వాడుకోలేరు, అంతే."

"గది తిరిగిచ్చీసేను కదా."

"నిజమే. మీరు నగదు ఇచ్చేసరికి అయిపోయిందనుకున్నాను. బిళ్ళ దించలేదు. తప్పు నాదే."

సతీష్ దగ్గర ఇంకా చాలా తిట్లు ఉన్నాయి. ఆ ఒక్క మాటతో అన్నీ దండగైపోయాయి.

మేనేజరు వచ్చి రిఫండ్ స్లిప్పు రాసి పంపెయ్యమన్నాడు. ఆమె రాయనంది. తీసుకోని డబ్బు తిరిగిస్తే హోటల్‌కి నష్టం, హోల్డు మాత్రం అలాగే ఉంటుంది.

బొంబాయిలో కార్డు ఇచ్చిన బ్యాంకుకి ఫోను కలిపింది. వానకి లైను మూడుసార్లు తెగింది. నాలుగోసారి బ్యాంకువాళ్ళు, హోల్డు ఎత్తెయ్యమని ఉత్తరం రాసి ఫ్యాక్సు చెయ్యమన్నారు. ఆమె రాసింది, ఫ్యాక్సు మిషన్లో ఇరుక్కున్న కాగితాన్ని అతను సరిచేశాడు. వేళ్ళు తగిలాయి. ఇద్దరూ గడియారం చూశారు.

నాలుగున్నరకి హోల్డు ఎత్తేశారు. సతీష్ డీలరుకి ఫోన్లో చెప్పాడు. పది నిమిషాలకి ఫోను మోగింది.

"హో గయా," అన్నాడు డీలరు. మిషను సతీష్‌దైంది.

నెల తిరిగింది. సతీష్ మళ్ళీ వచ్చాడు. కొత్త లేతు మీద తిప్పి చేసిన మొదటి వస్తువు కౌంటరు మీద పెట్టాడు. ఇత్తడి బిళ్ళ.

"ఇదేటి?"

"హోల్డు."

"ఏటి పట్టుకెళ్దామని?"

"మిమ్మల్నే. మా నాన్న సెక్టర్ 2లో మీ ఇంట్లో టీ తాగుతున్నాడు. ఆ రోజు సంగతి చెప్తే, తప్పు ఒప్పుకునే పిల్ల గురించి ఇన్నాళ్ళకి విన్నానన్నాడు. మీరు సరే అంటేనే పెళ్ళి మాట ఎత్తుతాడట."

"నేను స్పానర్నా?"

సతీష్ బిళ్ళ వెనక్కి తీసుకోబోయాడు. ఆమె ముందే అందుకుంది. తర్వాత వెనక్కి తిరిగి, గది తాళాల బోర్డు మీద ఖాళీ మేకుకి బిళ్ళ తగిలించింది.

"ఈ బిళ్ళ కూడా దించను. తిరిగి అడక్కండి."

ఫోను తీసి ఇంటికి కలిపింది. "నాన్నా, ఆ పెద్దాయనకి ఇంకో కప్పు టీ ఇయ్యి. మాట ఎత్తమను."