మందుకి లొంగని రక్తం

"నోరు తెరువమ్మా."

బస్సు కండక్టరుగారు పొద్దున్నే డ్యూటీకి వెళ్ళేముందు చేసే ఆఖరి పని ఇది. తల్లి నోరు తెరిచి, నాలుక ఎత్తి చూపించింది. ఆమె గుండెలో వాల్వు మార్చి ఎనిమిది నెలలైంది. రక్తం గడ్డకట్టి దానికి అడ్డం పడకుండా రోజూ మాత్ర వేసుకోవాలి. వేసుకుంటూనే ఉన్నానంటుంది. పరీక్ష చేస్తే మాత్రం రక్తం పలచబడిన జాడే ఉండదు. ఇలాగే ఉంటే ప్రాణానికే ముప్పని డాక్టరమ్మ చెప్పినప్పటినుంచి కొడుక్కి కంటిమీద కునుకు లేదు. టికెట్ లేనివాణ్ణి మొహం చూసే పట్టేస్తానని ఆయనగారి గొప్ప. ఆ చూపు ఇప్పుడు కన్నతల్లి మీద పడింది.

మందుని పనిచెయ్యనివ్వవని ఇంట్లో ఆకుకూరలు మానిపించాడు. ఖాళీ మాత్రల అట్టలు దాచి లెక్కపెట్టాడు. అయినా నిన్నటి రిపోర్టూ అలాగే వచ్చింది.

"నిజం చెప్పు. మాత్రలు ఎక్కడ పారేస్తున్నావు?"

"నీ కళ్ళముందే మింగాను కదరా."

"నేనటు వెళ్ళగానే కక్కేస్తున్నావేమో!"

కోడలు వంటింట్లోంచి గబగబా వచ్చింది. "అవేం మాటలండీ? ఆవిడేమన్నా దొంగా?"

"మరి ఆ మందంతా ఏ గంగలో కలుస్తోంది?"

తల్లి కుర్చీలో వెనక్కి వాలింది. "నీతో వాదించే ఓపిక లేదు నాయనా. దొంగననే అనుకో."

వారం తర్వాత, కొత్తగా చేయించిన పరీక్షల కాగితాలు చూస్తూ డాక్టరమ్మ చెప్పింది. "ఈవిడ ఒక్క పూట కూడా మానలేదండీ. మందు రక్తంలో ఉండాల్సినంతా ఉంది. జన్యువుల్లోనే తేడా. కొందరికి సగం మాత్రే ఎక్కువైపోతుంది, కొందరికి రెండింతలిచ్చినా చాలదు. పరీక్షలు చేసుకుంటూ మెల్లగా మోతాదు పెంచుదాం. ఇది పిల్లలకీ రావచ్చు, గుర్తుపెట్టుకోండి."

తిరుగు ప్రయాణంలో బస్సులో తల్లి పక్కన కూర్చున్నాడు.

"తప్పయిపోయిందమ్మా."

ఆమె ఆ రిపోర్టు మడిచి వాడి చొక్కా జేబులో పెట్టింది. "ఇది జాగ్రత్తరా. నీదీ నా రక్తమేగా. రేపు నీకీ మందు పడాల్సివస్తే, ముందే నీ పిల్లలకి చూపించు. నిన్ను కూడా నమ్మరేమోనని నా భయం."

నిండు బస్సులో, అందరూ చూస్తుండగానే, కొడుకు తల్లి భుజం మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.