తిత్తుల గది తాళం

ఆ తాళం వేసింది నేనే. ఈ మాట ఇంతవరకూ పైకి అనలేదు. గదిలో ఒక్కదాన్నే ఉన్నప్పుడు కూడా అనలేదు.

మా ఊరి చర్చిలో ఒక పాటల బృందం ఉంది. మూడొందల ఏళ్ళ నాటి భక్తిగీతాలు, ఆనాటి వాయిద్యాల మీదే. నేను వియోలా వాయిస్తాను, వయొలిన్‌కి అక్కలాంటిది. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పగలు బేకరీలో పని. దాని తీగలు గొర్రె పేగులతో చేసినవి, కాస్త చెమ్మ తగిలితే చాలు, శ్రుతి తప్పుతాయి. అయినా వినేవాళ్ళు స్వర్గం కనబడుతున్నట్టు మొహాలు పెడతారు.

మా నాయకుడు క్రామర్ డాక్టరు. వారానికి ఐదు రోజులు జనం పళ్ళు పీకుతాడు, ఆరో రోజు మా ప్రాణాలు తోడతాడు. గొట్టాల్లో గాలితో మోగే మా చర్చి ఆర్గన్‌కి ఆ గాలి కొట్టే కరెంటు మోటారును ఆపించేసి, ఆ కాలపు గాలే కావాలన్నాడు. గాలికి కాలమేమిటని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఆ గాలి కోసం డెబ్బై నాలుగేళ్ళ ఒట్మార్ తాత ఆర్గన్ వెనక చీకటి గదిలో తిత్తులు తొక్కేవాడు. కుడికాలు, ఎడమకాలు. చప్పుడు కాకూడదని ఉన్ని చెప్పులతో. ఆ గది తలుపు గాలికి కొట్టుకుంటోందని, కచేరీ అయ్యేదాకా బయట తాళం వెయ్యమన్నాడు డాక్టరు. తలుపు పక్కనే నా కుర్చీ.

"లోపల మనిషున్నాడు కదండీ," అన్నాను.

"మనిషి కాదమ్మా, అదీ ఒక తిత్తే."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లోపల్నుంచి తాత, "తిత్తికి సాయంత్రం బీరు పోయించండి మరి," అన్నాడు.

పోయిన డిసెంబరు కచేరీకి చప్పట్లే చప్పట్లు. డాక్టరు ఏడుసార్లు వంగి దణ్ణం పెట్టాడు. తర్వాత అందరం వేడి వైన్ తాగడానికి వెళ్ళాం. తాళంచెవి నా వియోలా పెట్టెలో ఉండిపోయింది.

తెల్లారాక గుర్తొచ్చింది. పరిగెత్తాను. తాత తలుపుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు, మంచులా చల్లగా. తలుపు తెరిచే ఉంచి వచ్చేశాను. గుండె ఆగిందని రాసుకున్నారు. సంగీతంలోనే కన్నుమూసిన అదృష్టవంతుడని సమాధి దగ్గర డాక్టరు ఉపన్యసించాడు. మర్నాడే పాత మోటారు మళ్ళీ పెట్టారు.

తాత కూతురు హైడ్రున్ అక్క కచేరీ రోజు పొద్దున తండ్రితో గొడవపడింది. రాత్రి భోజనానికి రాకపోతే అలిగాడులే అనుకుని పడుకుంది. ఇప్పుడు ప్రతి శనివారం రొట్టె కొనడానికొచ్చి అదే అడుగుతుంది.

"నా మీద కోపంతోనే ఉన్నాడామ్మా, చివరిదాకా?"

తెలీదక్కా అంటాను. రొట్టె చుట్టి ఇస్తాను.

ఇవాళ సాయంత్రం నాలుగింటికి సాధన. బయట అప్పటికే చీకటి. లోపల తడిసిన ఉన్నికోట్ల వాసన, కొవ్వొత్తుల పొగ. పాట మధ్యలో కరెంటు పోయింది. మోటారు ఆగింది. ఆర్గన్ స్వరం కూడా పడిపోవాలి.

పడలేదు...

అలాగే నిలబడింది, అంతకు ముందుకన్నా నిండుగా. డాక్టరు కళ్ళు మూసుకుని, "విన్నారా... ఇదీ ఆ కాలపు గాలి," అన్నాడు. ఎవరు తొక్కుతున్నారని ఒక్కడూ అడగలేదు.

నా వీపు వెనక, తలుపు అవతల, చెక్క కిర్రుమంది. కుడి. ఎడమ. కుడి...

ఆగింది. స్వరం మూలుగుతూ కుంగిపోయింది. తలుపు మీద మెల్లగా తట్టిన చప్పుడు. పైన కాదు. కింద... కూర్చున్న మనిషి తల ఎత్తున.

కరెంటు వచ్చింది. ఎలకలన్నాడు డాక్టరు. అందరూ వైన్‌కి వెళ్ళారు.

నేను ఉండిపోయి, తాత పోయాక మళ్ళీ వేసిన ఆ గది తాళాన్ని పక్కన మేకుకున్న చెవితో తీశాను. నేల నిండా ఏడాది దుమ్ము. అందులో ఉన్ని చెప్పుల అచ్చులు, తిత్తుల దగ్గర్నుంచి తలుపుదాకా. వెనక్కి వెళ్ళినవి ఒక్కటీ లేవు. ఆ చెప్పుల్ని తాతతో పాటు శవపేటికలో పెట్టింది హైడ్రున్ అక్కే.

ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. ఇందాకే నా గది తాళం బయట్నుంచి ఒకసారి తిరిగింది. తోశాను. రావడం లేదు. ఈ గదికి ఒకటే తాళంచెవి. అది నా ముందు, బల్ల మీద ఉంది.

ఇప్పుడు చేయబోయేది భయంతో కాదని రాయాలనుంది. భయంతోనే. హైడ్రున్ అక్కకి ఫోన్ చేస్తాను. వచ్చి తలుపు తియ్యమని కాదు. తాళం వేసింది నేనని.