పంపినవారికి కాపీ రాదు

నారాయణగూడలో ఒక టైలర్ షాపు పైన డిటెక్టివ్ జయశ్రీ ఆఫీసు. ఆ పొద్దున రేణుక అనే అమ్మాయి తండ్రి దాసయ్యతో కలిసి మెట్లెక్కి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు, నీళ్లిస్తే తాగలేదు. ఫోన్ ముందుకు చాపింది.

"ఇది నేను రాయలే మేడం. నాకైతె రానే లేదు. దోస్తు పంపితె చూసిన."

అసిస్టెంట్ వీణ పైకి చదివింది.

"నేను రేణుకను. మన లిస్టులో దొంగ ప్రశ్నపత్రాలు అమ్మింది నేనే. నన్ను పట్టుకున్న శ్రీశైలం అన్నకు, లక్ష్మయ్య సార్‌కు, ఉమాకాంత్‌కు క్షమాపణలు. కోపంలో నేను ఎవరి మీద ఏ నింద వేసినా నమ్మకండి."

అశోక్‌నగర్ హాస్టళ్లలో గ్రూప్స్‌కు చదివే పిల్లలకు ఒక మెయిలింగ్ లిస్టు ఉంది. ఒకరు రాస్తే అందరికీ చేరుతుంది. ఈ మెయిల్ కూడా అట్లాగే చేరింది. రేణుకను హాస్టల్ ఖాళీ చేయమన్నారు. పరీక్ష ఆదివారం.

"అందరు మొఖం మీద ఉమ్మినట్టు చూస్తున్నరమ్మా," అన్నాడు దాసయ్య. "సాయంత్రం బస్సుకు తీస్కపోత. పరీక్ష వద్దు, ఏం వద్దు."

"ఎవరితోనన్న గొడవ అయిందా?" జయశ్రీ అడిగింది.

రేణుక తల దించుకుంది. "ఒకాయన గలీజు మెసేజులు పెట్టిండు. లిస్టుల రాస్తనని చెప్పిన. చూడబుద్ధి కాక అన్నీ తీసేసిన. ఇప్పుడు పేరు చెప్తె ఎవరు నమ్ముతరు?"

"చెప్పకు. నువ్వు చెప్తె నీ మాట అంటరు. నేను పట్టుకుంటె ఎవరూ కాదనలేరు."

వీణ ఆ మెయిల్ మళ్లీ చదివింది. అంత కంపు పని చేసి, పైగా ఆ పిల్ల చేతే క్షమాపణ చెప్పించాడు, వెధవ.

చిక్కడపల్లిలో లక్ష్మయ్య రీడింగ్ హాల్ నడుపుతాడు. ఆ హాల్లో ఒక మూల పాత కంప్యూటర్ గుర్రుమంటోంది. దాన్ని చూసుకునేది శ్రీశైలం.

"దీని మీద పెద్ద సర్వర్ ఎక్కదు మేడం. అందుకే వెబ్ పేజీలు చూపించే తేలికపాటి వెబ్ సర్వర్ పెట్టి, దాని మీద లిస్టు సాఫ్ట్‌వేర్ నడిపిస్తున్న. ఎవరు పంపినా మెయిల్ ఈ వెబ్ పేజీల ఆగుతది. మేము ఒప్పుకుంటెనే అందరికి పోతది."

"మేము అంటె?"

"నేను, లక్ష్మయ్య సార్, ఉమాకాంత్ సార్. ముగ్గురికి ఒకటే పాస్‌వర్డ్, ఇదే కంప్యూటర్. ఒప్పుకునే బటన్ ఎవరు నొక్కిండ్రో దీనికి తెల్వది. ఈ మెయిల్ నేనైతె నొక్కలే."

"నేను సుత నొక్కలే," అన్నాడు లక్ష్మయ్య.

కోచింగ్ లెక్చరర్ ఉమాకాంత్ ఇస్త్రీ చొక్కా సర్దుకుంటూ నవ్వాడు. "నేనూ నొక్కలేదు. కానీ దీనికి డిటెక్టివ్ ఎందుకమ్మా? పంపినవాళ్లకు కాపీ రాకుండ శ్రీశైలమే పెట్టిండు. అందరికీ వచ్చిన మెయిల్ ఆ పిల్లకొక్కదానికే రాలేదు. ఇంకెవరు రాసినట్టు?"

వాదన సరిగ్గానే ఉందనిపించింది వీణకు. జయశ్రీ మాత్రం శ్రీశైలం వైపు తిరిగింది.

"పంపింది ఎవరని మిషన్‌కు ఎట్ల తెలుస్తది?"

"మెయిల్ మీదున్న అడ్రసు చూసి."

"రేణుక అడ్రసు వేరేటోళ్లు రాస్తె?"

"అయినా కాపీ రేణుకకే ఆపుతది," అన్న శ్రీశైలం చటుక్కున ఆగిపోయాడు.

"అయితె అది రుజువు కాదు," అంది జయశ్రీ. "మీ ముగ్గురిల ఒకరు నొక్కకుంటె ఆ మెయిల్ పోయేది కాదు. పిల్లలందరిని పిలువు."

మధ్యాహ్నానికి హాలు లిస్టు పిల్లలతో నిండింది. రేణుక గోడకు ఆనుకుని నిలబడింది. దాసయ్య పక్కన ఆమె సంచి సర్ది ఉంది. జయశ్రీ ముగ్గురికీ తలొక కాగితం ఇచ్చి, లిస్టు చూసుకునేవాళ్ల పేర్లు పిల్లల కోసం రాయమంది. రాశాక ఒక్కొక్కటే చదివింది.

"శ్రీశైలం రాసింది: లక్ష్మయ్య సార్, ఉమాకాంత్ సార్, శ్రీశైలం. లక్ష్మయ్య గారిది: ఉమాకాంత్ సార్, శ్రీశైలం బాబు, లక్ష్మయ్య. ఉమాకాంత్ గారిది: లక్ష్మయ్య గారు, శ్రీశైలం గారు, ఉమాకాంత్."

"అయితే ఏంది?" అన్నాడు ఉమాకాంత్.

"మనోళ్లు ఎవరూ తమ పేరుకు తాము గారు, సార్ తగిలించుకోరు. నోరు రాదు, చెయ్యి రాదు." జయశ్రీ పిల్లల వైపు తిరిగింది. "మీరు ఈయన్ని ఏమని పిలుస్తరు?"

"ఉమాకాంత్ సార్," అంది హాలంతా.

"మరి మెయిల్‌ల శ్రీశైలం అన్న ఉన్నడు, లక్ష్మయ్య సార్ ఉన్నడు. ఉమాకాంత్ ఒక్కడే ఉత్త ఉమాకాంత్. లెక్చరర్ పేరు ఏ స్టూడెంట్ అట్ల రాస్తది?"

ఉమాకాంత్ మెడ మీద చెమట పట్టింది. "ఒక్క మాట పట్టుకొని... అసలు ముందు మెసేజుల సంగతి లిస్టులో రాస్తనని నన్ను బెదిరించింది ఆమె కాదా?"

గోడ దగ్గర రేణుక తలెత్తింది.

"ఏ మెసేజులు?" జయశ్రీ మెల్లగా అడిగింది. "ఇక్కడ వాటి మాట ఎవరూ ఎత్తలేదే."

తీర్చి దువ్విన ఉమాకాంత్ తలను చూస్తే వీణకు రోత పుట్టింది. ఇన్నాళ్లూ ఈ మనిషికి లేచి నమస్కారం పెట్టారు పిల్లలు. లక్ష్మయ్య తలుపు చూపించాడు. ఉమాకాంత్ వెళ్తుంటే చెయ్యి తగలకుండా అందరూ పక్కకు జరిగారు.

దాసయ్య సంచి అందుకోబోయాడు. రేణుక దాని పట్టీ పట్టుకుంది.

"నాయినా, ఆదివారం దాకా ఉంట." తర్వాత శ్రీశైలంతో అంది, "అన్నా, పంపినోళ్లకు గూడ కాపీ వచ్చేటట్టు జర మార్చు."

అతను మార్చాడు. ఆమె నిలబడే ఫోన్‌లో రాసింది. శ్రీశైలం వెబ్ పేజీలో ఒప్పుకున్నాడు. హాల్లో ఫోన్లన్నీ మోగాయి, రేణుకది కూడా. తన మాట తనకు చేరింది.

వీణ పక్కనున్న అమ్మాయి భుజం మీదుగా ఆమె ఫోన్‌లోకి చూసింది. జరిగింది మొత్తం ఉంది. శ్రీశైలం అన్న ఉన్నాడు, లక్ష్మయ్య సార్ ఉన్నాడు. ఉమాకాంత్ పేరు పక్కన మాత్రం సార్ లేదు. అది రేణుక మరిచిపోయి కాదు.