మడత లోపలి మచ్చ

పొద్దున్నే కూతురి పక్క దులిపితే తెల్లటి పొట్టు రాలింది. తల్లి చీపురు పక్కన పెట్టి మంచం అంచున కూలబడింది.

ఆ పొట్టు ఆమెకి కొత్త కాదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ భర్త పక్కలోంచి ఊడ్చిపోస్తూనే ఉంది. అది కనబడకూడదనే ఇంట్లో దుప్పట్లన్నీ తెలుపు, ఆయన చొక్కాలన్నీ పొడుగు చేతులవి. బట్టల కొట్టువాడి చేతులకి మచ్చలుంటే గిరాకీ గడప దిగిపోతుందని ఆయన లెక్క. కొట్టులో కూతురికి నేర్పిన మొదటి పని కూడా అదే: బట్ట మీద మచ్చ పడితే మడత లోపలికి పెట్టడం.

పోయిన వారం డాక్టరు కూతురి మోచేతులు, చెవుల వెనక చూసి, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగాడు. "అబ్బే, మా వైపు ఎవరికీ లేదండీ" అన్నాడు తండ్రి, బేరం దగ్గర చెప్పినంత తడుముకోకుండా. అయితే తామర కావచ్చని డాక్టరు పూతమందు రాసి, తగ్గేదాకా అన్నీ విడిగా వాడమన్నాడు. అప్పట్నుంచి ఆ పిల్లకి వేరే కంచం, వేరే తువ్వాలు. దురద మాత్రం పెరిగింది.

"విడిగా ఒక అద్దె గది చూసుకున్నాను" అంది కూతురు, కాఫీల దగ్గర దూరంగా నిలబడి. "అన్నయ్య పిల్ల పాక్కుంటూ నా దగ్గరికే వస్తోంది. నిన్న తలుపేసుకుంటే బయట కూర్చుని ఏడ్చింది."

"గది దేనికి? మందు రాస్తున్నావుగా, తగ్గుతుంది" అన్నాడు తండ్రి, తలెత్తకుండా.

"తగ్గదు" అంది తల్లి. "అది తామరైతే కదా."

"పొద్దున్నే మొదలుపెట్టకు."

"మొదలుపెట్టింది నేను కాదు, మీ అమ్మగారు. ముందు ఆవిడ మోకాళ్ళు, తర్వాత మీ మోచేతులు, ఇప్పుడు ఇది. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా? ఊడ్చి ఊడ్చి విసుగొచ్చింది నాకు."

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టాడు. తర్వాత చొక్కా చేతి గుండీ విప్పి పైకి లాగాడు. మోచేతి మీద ఎర్రగా, మందంగా మచ్చ. దాని మీద వెండి రంగు పొలుసు.

"సోరియాసిస్ అంటారమ్మా. అంటుకునేది కాదు. ఇంట్లో ఒకరికుంటే పిల్లలకి రావచ్చు, రాకపోనూవచ్చు. మీ అన్నయ్యకి రాలేదు. నువ్వూ తప్పించుకున్నావనుకున్నాను. మొన్న గొంతునొప్పితో జ్వరం వచ్చాక బయటపడినట్టుంది."

"మరి డాక్టరు అడిగితే?"

"నోటికి అలవాటైపోయింది. సరుకు గురించి అడిగితే లోపం లేదనే వస్తుంది."

"నేను సరుకునా నాన్నా?"

కూతురు దగ్గరికొచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. గోళ్ళ మీద సూదితో పొడిచినట్టు సన్నటి గుంటలు. తన గోళ్ళు పక్కన పెట్టి చూసుకుంది. అవే గుంటలు.

"వారం నుంచీ నన్ను ఎవరూ ముట్టుకోలేదు" అని ఏడ్చేసింది.

తండ్రి ఆమె తువ్వాలు తెచ్చి ముందు ఆమె ముఖం తుడిచి, దాంతోనే తన కళ్ళూ తుడుచుకున్నాడు. "పద, డాక్టరు దగ్గరికి. ముందు నా చేతులే చూపిస్తా. కొట్టు మధ్యాహ్నం తెరుద్దాం."

"పొట్టి చేతుల చొక్కా వేసుకెళ్ళండి" అంది తల్లి.

"ఊరందరికీ బట్టలమ్ముతాను గానీ, నాకు అదొక్కటే లేదు."

కూతురు ముక్కు ఎగబీల్చుకుంటూ ఆయన చొక్కా చేతులు మోచేయి పైదాకా మడిచింది, మచ్చ బయటికి ఉండేలా. పాక్కుంటూ వచ్చిన మేనకోడలు ఆమె పాదం పట్టుకుంది. ఆమె ఈసారి లోపలికెళ్ళి తలుపేసుకోలేదు. వంగి ఎత్తుకుంది.