ఆ డైరీలో షైనీ లేదు

"అంత ప్రేమ ఉంటే ఆ డైరీనే పెళ్లిచేసుకో!"

షైనీ మాటకు బస్సులో ముందు సీటు అవ్వ వెనక్కి తిరిగి చూసింది. ఎడ్విన్ మాత్రం తలెత్తలేదు. "ఒక్క లైను, అయిపోతాది," అంటూ రాసుకుంటూనే ఉన్నాడు.

ఇద్దరిదీ ఉదయగిరే. అతను ఆత్మకూరులో ఓ ప్రైవేటు స్కూల్లో టీచరు. ఆమె ఆ ఊళ్లోనే ల్యాబ్ టెక్నీషియన్. ఏడాదిగా ఒకే బస్సు, పక్కపక్క సీట్లు. సాయంత్రం ఆత్మకూరు దాటేదాకా కబుర్లే కబుర్లు. ఆ తర్వాత అతను డైరీ తెరుస్తాడు. షైనీ కిటికీలోంచి గొర్రెల మందల్ని చూస్తూ కూర్చోవాలి.

రోజూ ఓర్చుకునేదే. ఈ రోజు మాత్రం ఆమె వల్ల కాలేదు. బస్టాండులో విజయకుమారి తన డైరీ చదివి వినిపిస్తుంటే ఎడ్విన్ పడీపడీ నవ్వడం కళ్లారా చూసింది. విజయకుమారి అతని స్కూల్లో కొత్తగా చేరిన టీచరు.

"ఆ టీచరమ్మ కూడా రాస్తాదా?"

"ఆఁ. పడుకునే ముందు రాసుకుంటే మనసు తేలికై నిద్ర పడతాదంట. పిల్లకాయలకు కూడా నేర్పిస్తా ఉండాం. ఒకడైతే వాళ్ల మేక మీద అలిగిన సంగతి రాసినాడు."

"నవ్వులు బాగానే ఉండాయిలే. నీది ఆమెకు చూపించినావా?"

"లేదే!"

"అబద్ధం."

మర్రిపాడు దగ్గర వాన దంచికొట్టింది. టైరు పంక్చరై బస్సు ఆగిపోయింది. అందరూ టీ అంగడి రేకుల కిందికి పరిగెత్తారు. షైనీ టీ కూడా వద్దంది. ఎడ్విన్ సంచిలోంచి డైరీ తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"చదువుకో."

ప్రతి పేజీ 'నాయనా' అని మొదలైంది. బోరులో నీళ్లు తగ్గిన సంగతి, అమ్మ మోకాళ్ల నొప్పి, హెడ్మాస్టరు మీద కోపం, చర్చిలో పాట తప్పి తలవంచుకున్న ఆదివారం.

"నాయన పోయినాక మొదలుపెట్టినాను," అన్నాడు మెల్లగా. "రాస్తా ఉంటే ఎదురుగా కూర్చొని వింటా ఉన్నట్టే ఉంటాది."

షైనీకి సిగ్గేసింది. అయినా వేళ్లు ఆగలేదు. చివరిదాకా తిరగేసింది. విజయకుమారి పేరు లేదు, హమ్మయ్య! కానీ తన పేరూ లేదు. సిగ్గంతా ఎగిరిపోయి మళ్లీ కడుపు మండింది.

"బోరుకు చోటుండాది, హెడ్మాస్టరుకు చోటుండాది. పక్కనే కూర్చునేదాన్ని, నా మాట ఒక్కటన్నా లేదేంది?"

ఎడ్విన్ రేకుల అంచు నుంచి కారుతున్న నీళ్లవైపు చూశాడు.

"రాస్తే నాయన 'ఆ పిల్లకు చెప్పినావా రా?' అని అడుగుతాడు. నీకు చెప్పకుండా ఆయనకెట్టా చెప్పేది?"

"ఏంది నాకు చెప్పాల్సింది?"

"నువ్వంటే నాకిష్టం షైనీ. పెళ్లి చేసుకుందామా?"

అంగడాయన గ్లాసులు కడగడం ఆపి మరీ విన్నాడు.

షైనీ డైరీ మీద పడ్డ చినుకుల్ని చున్నీతో తుడిచి, అతని చేతికిచ్చింది. జేబులో పెన్ను తనే లాగి మూత తీసింది.

"రేపొచ్చి మా నాయన్ని అడుగు. ఇప్పుడు మీ నాయనకు రాయి. ఆ పిల్ల ఒప్పుకునిందని రాయి. పేరు మాత్రం పెద్దగా రాయాల."