రెండో ఆదివారం

ఆ ఆదివారం పొద్దున్నే అనసూయ సున్నుండలు చుట్టి డబ్బాలో సర్దుతోంది. నెలలో రెండో ఆదివారం, ఊరికి ఆ చివరనున్న ద్వారకలోని పార్కులో, రెండు గంటల సేపు భరద్వాజ్ తన కూతురు వాసవిని చూడొచ్చని కోర్టు చెప్పింది. ఆ ఒక్క ముక్క కోసం రెండేళ్లు కోర్టు మెట్లెక్కి దిగాడు.

భరద్వాజ్ నల్లచొక్కా వేసుకుని గదిలోంచి వచ్చాడు.

"పిల్లని చూడ్డానికి వెళ్తూ ఆ నల్లచొక్కా ఏంట్రా?"

"నేను రావట్లేదమ్మా. జంతర్ మంతర్ దగ్గర మా పురుషుల హక్కుల సంఘం ధర్నా. నేనే మెయిన్ స్పీకర్ని. టీవీవాళ్లు కూడా వస్తున్నారు."

అనసూయ చేతిలో ఉండ చితికిపోయింది. "పిల్ల నీకోసం చూస్తూ ఉంటుందిరా!"

"ఒక్క ఆదివారమేగా! ఆడా మగా సమానమంటారు, మరి తండ్రికి నెలకి రెండు గంటలా? చట్టం మారాలా వద్దా?"

"ఇచ్చిన రెండు గంటలూ వదిలేసి, రెండు గంటలే ఇచ్చారని అరవడానికి పోతావా? వాసవి నీకు పుట్టిందిరా, నీ సంఘానికి కాదు."

"ఆ సంఘమే లేకపోతే ఈపాటికి నేనుండేవాణ్ణి కాదు!"

అనసూయ డబ్బా మూత బిగించింది. అది అబద్ధం కాదు. కోడలు తేజశ్రీ పిల్లని తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయిన కొత్తలో, ఫోన్లో కూడా చూపించని రోజుల్లో, వీడు తిండి మానేశాడు. ఆఫీసులో నవ్వారు. చుట్టాలు "నువ్వేం చేశావో" అన్నట్టు చూశారు. పక్కన కూర్చోబెట్టుకుని వీడి ఏడుపు విన్నది ఆ సంఘంవాళ్లే.

ఆమె ఒక్కతే తాముండే వైశాలిలో మెట్రో ఎక్కింది.

పార్కు గేటు దగ్గర తేజశ్రీ అడిగింది, "ఆయన రాలేదా అత్తయ్యా?"

"ఏదో పని పడిందమ్మా," అంది అనసూయ తలెత్తకుండా.

వాసవి పరుగెత్తుకొచ్చింది. ఆ పిల్లకి తెలుగు అర్థమవుతుంది గాని నోట్లోంచి వచ్చేది హిందీయే. "నానమ్మా, పాపా కబ్ ఆయేంగే?"

"నాన్న వస్తాడు బంగారూ, కాసేపట్లో."

కాసేపయ్యాక, తండ్రికి ఫోన్ చేస్తానంటూ నానమ్మ చేతిలోని ఫోన్ లాక్కుంది. అందులో సంఘంవాళ్లు పంపిన లైవ్ వీడియో మీద వేలు పడింది. తెరమీద తండ్రి కనపడ్డాడు. నా కూతుర్ని నా నుంచి లాగేసుకున్నారు, ఇవాళ కూడా దాని మొహం చూడలేకపోయానంటూ మైకు పట్టుకుని ఏడుస్తున్నాడు. జనం చప్పట్లు కొడుతున్నారు.

వాసవి చాలాసేపు చూసింది.

"మై తో యహీఁ హూఁ, నానమ్మా," అంది. "నేనిక్కడే."

పక్కనే ఉన్న తేజశ్రీ ఎత్తిపొడుస్తుందేమోనని అనసూయ బిగుసుకుపోయింది. కోడలు మాత్రం పిల్లని ఎత్తుకుని ఉయ్యాల వైపు తీసుకెళ్లింది. ఆ తర్వాత వాసవి తండ్రి ఊసెత్తలేదు.

వెళ్లేముందు తేజశ్రీ మెల్లగా అంది. "వచ్చేసారి అది రానంటే నేను బలవంతం చెయ్యలేను అత్తయ్యా. నేను నేర్పానని మాత్రం అనుకోకండి."

"అనుకోనమ్మా."

చీకటి పడే వేళకి గొంతు బొంగురుపోయి వచ్చాడు భరద్వాజ్. మొహం వెలిగిపోతోంది. "చూశావా అమ్మా? జనం ఏడ్చేశారు! అవునూ, పిల్ల నన్నడిగిందా?"

"అడిగింది. నువ్వు మాట్లాడింది ఫోన్లో చూసింది. ఇక అడగలేదు."

అతని మొహం పాలిపోయింది. సోఫాలో కూలబడ్డాడు. ఇప్పుడైనా ఫోన్ చేసి "తప్పయింది తల్లీ" అంటాడేమోనని అనసూయకి ఆశ పుట్టింది.

అతను తలెత్తాడు. "చూశావా, వాళ్లమ్మ దాని మనసెలా విరిచేసిందో! వచ్చే సభలో ఇదే చెప్తాను."

అనసూయ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎదురుగా కూర్చున్న కొడుకుని పోగొట్టుకున్న తల్లి ఏ సంఘానికి వెళ్లి చెప్పుకోవాలో ఆమెకి తెలియలేదు.